దాచెయ్

మూడింటికి రమ్మన్నారు గానీ వాడు రెండున్నరకే వెళ్ళి షాపు ఓనరు గది బయట బెంచీ మీద కూర్చుంటాడు, వాడికి ఎప్పుడూ తొందరే, కూర్చుని మెట్ల వంక చూస్తూ ఉంటాడు అక్క వస్తుందేమోనని, వస్తానని ఆమె చెప్పలేదు, రాననీ చెప్పలేదు, చూస్తాలే అంది, ఏం చూస్తావక్కా అని వాడు నిలదీసి ఉంటే రానని తేల్చేసేది, వాడు నిలదీయలేదు, సరేనక్కా అని ఫోను పెట్టేశాడు, ఆ సరే నిన్నటి నుంచీ చెవిలో గుయ్యిమంటూనే ఉంది, అనుకుంటూ ఆమె మైనపు చిగుళ్ళ మీద పై వరుసలో మూడో పన్ను నిలబెట్టింది, పన్ను వంకరగా నిలబడింది, పీకి మళ్ళీ పెట్టింది, మళ్ళీ వంకరే, పద్దెనిమిదేళ్ళుగా నలుగురికీ పళ్ళ సెట్లు చేసిపెడుతున్న చేతికి ఇవాళ ఒక్క పన్ను లొంగడం లేదు, ఈ సెట్టు ఎవరో రిటైరైన టీచరుగారిదట, సోమవారానికల్లా కావాలట, ఆవిడెవరో ఈమె చూడలేదు, ఎప్పుడూ అంతే, మనుషులు రారు, వాళ్ళ నోళ్ళ అచ్చులు వస్తాయి ప్లాస్టర్‌లో, ఏ నోరు నిజం చెప్పిందో ఏది అబద్ధమాడిందో అచ్చులో తెలీదు.

వాడంటే తమ్ముడు, నలభై దగ్గరపడుతున్నా ఆమెకు వాడే, కెమెరాలు అద్దెకిచ్చే షాపులో స్టోరు చూస్తాడు, ఏ లెన్సు ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చారు, గీతలేమన్నా పడ్డాయా, అదీ పని, పోయిన వారం వాడు సెలవులో ఉండగా ఒక లెన్సు కనబడలేదు, షాపంతా జల్లెడ పట్టారు, ఆఖరికి వాడి అలమరలో దొరికింది, మెత్తటి గుడ్డలో చుట్టి భద్రంగా, మేనేజరుగారే తీసి ఉంచమన్నారక్కా, ఉంచాను, అంతే, అంటాడు వాడు, నేనెప్పుడన్నాను అంటాడు మేనేజరు, ఇవాళ ఓనరు ముందు తాడో పేడో తేలుతుంది, ఉద్యోగం ఊడటంతో సరిపోతుందా, పోలీసుల దాకా పోతుందా, చిన్నప్పటి నుంచీ నిన్ను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి ఒక మాట చెప్పొచ్చు అన్నారట, అమ్మ లేదు, నాన్న లేడు, ఎరిగినది ఆమె ఒక్కతే, అదే వచ్చిన చిక్కు, ఎరగకపోతే కళ్ళు మూసుకుని వెళ్ళేది, ఎవరో చెప్పారు అందుకని చేశాను అనే మాట వాడి నోట ఆమె వినడం ఇది రెండోసారి, అక్షరం మారలేదు, అప్పుడు అక్క దాచమంది, ఇప్పుడు మేనేజరు ఉంచమన్నాడు, చెప్పేవాళ్ళు మారారు, వాడు మాత్రం ఎప్పుడూ ఏమీ ఎరగని చంటివాడే, ఎలా నమ్మడం, ఎవరు నమ్ముతారు, వెళ్ళి కూర్చుని వీడు మంచివాడండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం, అలాగని వెళ్ళకపోతే వాడు మెట్ల వంకే చూస్తుంటాడు.

ఏం మేడమ్, మొదలెడదామా, అన్నాడు ఈలాయన, ఎదుటి బల్ల ఆయన, ముందు పళ్ళ మధ్య సందు ఉండి స పలికినప్పుడల్లా సన్నటి ఈల వస్తుంది, అందరికీ పళ్ళు కట్టే మనిషికి తన పంటి సందు పూడ్చుకునే తీరిక లేదు, యాభై దాటినా పాత ఆటల పిచ్చి వదల్లేదు, ల్యాబు నడిపే డాక్టరుగారు భోజనానికి పైకి వెళ్ళే గంటసేపూ ఆర్డర్లు ఎక్కించే కంప్యూటరు ఆయన సొంత రాజ్యం, ఈమధ్య అందులో ఒక ఎమ్యులేటర్ పెట్టాడు, చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ యంత్రాన్ని నేనే అన్నట్టు కంప్యూటరు చేత వేషం కట్టించే ప్రోగ్రాము, ఓపెన్ సోర్స్ మేడమ్, ముక్కూ మొహం తెలీనివాళ్ళు తీరికవేళల్లో రాసి ఊరికే ఇచ్చేశారు, ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పు కనబడితే దిద్దొచ్చు, అని పొద్దున ఆయన చెబుతుంటే ఆమె ఊఁ కొడుతూ, ఉన్నట్టుండి, టోపీ పెట్టుకున్న ఎలుక బొరియలు తవ్వుకుంటూ పోయే ఆట ఉందా మీ దగ్గర అని అడిగేసింది, అడిగాక నాలుక కరుచుకుంది, ఆ ఎలుకా, నా దగ్గర క్యాసెట్టే ఉంది, దాన్నుంచే దించుకున్నాను, అని ఆయన మొహం వెలిగిపోయింది, నిన్న తమ్ముడే ఎత్తాడు ఆ మాట, ఎలకమామ ఆటప్పుడు కూడా నువ్వు నమ్మలేదుగా అక్కా, పోనీ, ఇప్పుడు నమ్మకపోయినా వచ్చి పక్కన కూర్చో చాలు, అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది, మండేది ఎందుకో అంతుపట్టడం లేదు.

మీ చేతులకు మైనం, నేను నొక్కుతాను, మీరు చెప్పండి, అని ఆయన కుర్చీ లాక్కున్నాడు, ముందు ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక వచ్చింది, ఇది ఇంకా ప్రయోగ దశలో ఉంది, ఎక్కడ పడితే అక్కడ ఆగిపోవచ్చు, మా పూచీ లేదు, అంటున్నారు మేడమ్, పాపం నిజాయితీపరులు, అని ఆయన ఈల వేస్తూ నవ్వాడు, ఆ తర్వాత తెర పాచి రంగుకు తిరిగింది, పాచి మీద నల్ల చుక్కలు, చుక్కలు కలిసి టోపీ, టోపీ కింద మీసాలు, ఎలకమామ, ఏం మారలేదు మహానుభావుడు, ముప్పై మూడేళ్ళుగా అదే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, సంగీతం మాత్రం కాస్త సాగుతోంది, జలుబు చేసినవాడు పాడినట్టు, అది ఇంకా కుదరలేదు మేడమ్ వాళ్ళకి, ఎడమకా కుడికా, కుడికి, కుడికి, కిందికి తవ్వండి, అక్కడ రాయి ఉంటుంది, చూసుకోండి, రాయి ఉంది, ఎలా గుర్తుంది మీకు, అన్నాడాయన, ఆమెకూ తెలీదు ఎలా గుర్తుందో, రాయి గుర్తుంది, రాయి పక్క నీళ్ళు గుర్తున్నాయి, పై అంతస్తు పిల్ల ఆ గేమును సాయంత్రం ఐదు దాకా అని మాట తీసుకుని ఇచ్చింది గుర్తుంది, అందులోని భాష ఏ దేశానిదో ఇద్దరికీ రాదు, ఆట మధ్యలో తెర మీద ఒక పలక తెరుచుకుంటుంది, దాని మీద పడే మూడు గుర్తులకు వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు, మొదటిది గేటులా ఉంటుంది, అది పద, రెండోది సంచి, మూడోది గొడుగులా ఉంటుంది, అది నొక్కితే అప్పటిదాకా ఆడినదంతా పోకుండా ఉంటుంది, అందుకని అది, ఏమనేవాళ్ళో, ఏదో అనేవాళ్ళు, సేవ్ అనే ఉంటారు, ఇంకేమంటారు, ఇంకాస్త కిందికి తవ్వండి.

ఆ రోజు ఆమె చేతులు సబ్బు నురగలో ఉన్నాయి, పదేళ్ళది, అమ్మ వచ్చేలోపు గిన్నెలు తోమెయ్యాలి, గేము వాడి చేతుల్లో, ఆరేళ్ళవాడు, వంటింటి గడప మీద కూర్చుని ఆమె చెబుతుంటే నొక్కుతున్నాడు, కుడికి, కిందికి, అప్పటిదాకా ఎవరూ వెళ్ళనంత లోతుకు వెళ్ళారు, అంతలో మెట్ల మీద నాన్న బూట్ల చప్పుడు, నాన్నకు ఆటలంటే గిట్టదు, అరువు వస్తువంటే అసలు గిట్టదు, ఆమె తొందరగా అంది, సేవ్ చెయ్ అంది, స్పష్టంగా గుర్తు, సేవ్ చెయ్, అని తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ వెళ్ళి తలుపు తీసింది, తిరిగి వచ్చేసరికి వాడి చేతులు ఖాళీ, గేము లేదు, ఐదింటికి పై అంతస్తు పిల్ల వచ్చింది, ఆరింటికి వాళ్ళమ్మ వచ్చింది, పరుపులు ఎత్తారు, డబ్బాలు దింపారు, నీకు తెలుసట్రా అని నాన్న అడిగితే వాడు అడ్డంగా తలూపాడు, నాన్న ముందే ఆమె కూడా అడిగింది, చెప్పరా, ఎక్కడుందిరా, వాడు ఆమె కళ్ళలోకి అదోలా చూసి మళ్ళీ అడ్డంగా తలూపాడు, రెండు రోజులు, మూడో రోజు వాన పడితే నాన్న వానబూటులో కాలు పెట్టాడు, పటుక్కుమంది, తెర రెండు ముక్కలైంది, అప్పుడు నోరు విప్పాడు వాడు, అక్క దాచమంది నాన్నా, అన్నాడు, నాన్న ఆమె వంక చూశాడు, నేనలా అనలేదు, అంది ఆమె, అనలేదు కాబట్టి అనలేదంది, దెబ్బ వాడికి పడింది, దొంగతనం, ఆపైన అక్క మీదికి తోయడం, ఆ రోజు నుంచి వాడి పేరు దాపరికం, చుట్టాలందరి నోటా అదే, కత్తెర కనబడకపోతే దాపరికాన్ని అడగండి, తాళాలు కనబడకపోతే దాపరికాన్ని అడగండి, అత్త వాడి పెళ్ళిలో కూడా అంది ఉంగరం వేలికి తొడిగే వేళ, దాపరికం దగ్గరుందేమో చూడండి అని, అందరూ విరగబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది, వాడు కూడా నవ్వాడు, నిన్న ఫోనులో నవ్వినట్టే నవ్వాడు.

అబ్బ, మేడమ్, ఇక్కడిదాకా నేనెప్పుడూ రాలేదు, అంటున్నాడు ఈలాయన, ఎలకమామ నేల అడుక్కు చేరాడు, ఇక్కడ గోడకు దీపం ఉండాలి, ఉంది, దీపం దాటితే ఏముందో ఆమె ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు ఇక్కడే ఆగింది, ఇక్కడే బూట్ల చప్పుడైంది, ఆమె తెర మీదికి వంగింది, నలభై మూడేళ్ళ మనిషికి ఎలుక బొమ్మను చూసి ఇంత ఆత్రమేమిటి, అంతలో తెర వణికింది, సంగీతం ఒక్క స్వరం దగ్గర ఇరుక్కుని అదే అరుస్తోంది, మీసాలు ముక్కలై పైకీ కిందికీ పోతున్నాయి, పలక తెరుచుకుంది, గేటు, సంచి, గొడుగు, పోతోంది, ఆడినదంతా పోతోంది, ఆమె మైనం చేతులు రెండూ గాల్లోకి లేచాయి, దాచెయ్, అంది, దాచెయ్ దాచెయ్, త్వరగా.

ఈలాయన ఒక్క ఉదుటున ఆట కిటికీ మూసేసి ఆర్డర్ల పట్టిక తెర మీదికి లాగాడు, కీబోర్డు మీద తువ్వాలు పరిచాడు, పట్టిక వంక తల వంచుకుని బుద్ధిమంతుడిలా కూర్చుని, తల తిప్పకుండానే, వచ్చారా డాక్టరుగారు, అని గొణిగాడు, ఎవరూ రాలేదు, అంది ఆమె, తలుపు మూసే ఉంది, ఆయన మెల్లిగా తల తిప్పి తలుపును చూశాడు, ఆమెను చూశాడు, మరి దాచెయ్యమన్నారుగా మేడమ్, అన్నాడు, నేనలా, అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది, నేనలా అనలేదు అన్న మాట నోటి చివరిదాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది, మీరు దాచెయ్ అంటే డాక్టరుగారేమో అనుకున్నాను, ఆట పోయింది, మొత్తం పోయింది, సేవ్ చెయ్యమని ఒక్క మాట అంటే చేసేవాణ్ణిగా, అని ఆయన తువ్వాలు తీస్తూ, అయినా మేడమ్, ఇన్నేళ్ళలో మీరు నన్ను దాచెయ్ అని ఏకవచనంతో అనడం ఇదే మొదలు, అని నవ్వబోయి, ఆమె మొహం చూసి, ఈల మధ్యలో ఆపేశాడు.

ఆయన్ని కాదు, ఆయన్ని ఎప్పుడూ అండీ అనే పిలుస్తుంది, ఆ మాట ఆయనకు చెప్పింది కాదు, గడప మీద కూర్చున్నవాడికి చెప్పింది, పదేళ్ళ గొంతుతో, సబ్బు చేతులతో, పద, సంచి, దాచు, మూడో గుర్తు పేరు దాచు, పేరు పెట్టింది కూడా తనే, ఆడినదంతా గొడుగు కింద దాస్తుందిరా అని వాడికి చెప్పింది తనే, సేవ్ అన్న మాట ఆమె మొదటిసారి విన్నది పదిహేనో ఏట కంప్యూటరు క్లాసులో, పదేళ్ళప్పుడు ఆ మాట లేనే లేదు ఆమె నోట్లో, ఎప్పుడు తెచ్చి పెట్టుకుంది దాన్ని అక్కడ, పన్ను ఊడిన చోట కట్టుడు పన్ను పెట్టుకున్నట్టు, ఎంత బాగా అతికిందంటే తనకే తెలియలేదు, చేతిపని తెలిసిన మనిషి కదా, అక్క దాచమంది, దాచాడు, నాన్నకు కనబడకుండా దాచమంది కాబట్టి నాన్న ఎదుట అడిగితే చెప్పకూడదు, అక్క కూడా నాన్న ఎదుటే అడుగుతోంది కాబట్టి అది నాటకం, అందుకే అలా చూశాడు, ఆ చూపు దొంగ చూపు అనుకుంది, నేను చెప్పనులే అక్కా అనే చూపు అది, రెండు రోజులు అన్నంత పనీ చేశాడు ఆరేళ్ళవాడు, యాభై దాటిన ఈయన కూడా ఇప్పుడు అదే చేశాడు, ఎవరైనా అదే చేస్తారు.

రెండైంది, బస్సుకు నలభై నిమిషాలు, ఆమె చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది, గోళ్ళ సందుల్లో మైనం పోలేదు, పోకపోతే పోనీ, టీచరుగారి పళ్ళు ఈ పూటకి ఆగుతాయి, ఇదిగోండి, డాక్టరుగారు అడిగితే మా తమ్ముడి దగ్గరికి వెళ్ళానని చెప్పండి, దాచకండి, అంది, చెప్తాను మేడమ్, మళ్ళీ రేపు మొదటి నుంచి తవ్వుదాం లెండి, అన్నాడాయన, మెట్లు దిగుతూ ఫోను చేద్దామనుకుంది, వద్దు, ఫోనులో కాదు, వాడి మొహం చూస్తూ చెప్పాలి, అక్కడ ఓనరు ఉంటాడు, మేనేజరు ఉంటాడు, వీణ్ణి మీకెంత కాలంగా తెలుసు అని అడుగుతారు, ఇవాళ్టి నుంచీ అని చెప్పాలి నిజానికి, ఉంచమంటే ఉంచే మనిషండీ వీడు, ఉంచమన్నవాళ్ళే మర్చిపోతారు అని చెప్పాలి, మర్చిపోవడం ఎంత సులువో నన్ను అడగండి అని చెప్పాలి, ముప్పై మూడేళ్ళు దాచినది వాడు కాదు, వాడు దాచింది రెండు రోజులే, అదీ నేను దాచమన్నందుకు, నేనే అన్నాను, తమ్ముడూ, దాచెయ్ అని నేనే అన్నాను.