ఎల్లప్ప రెండో చెవి

ఆ ఏడు చిత్తూరుకు కొత్తగా వచ్చిన జడ్జీగారు వకీళ్లందరికీ టీ ఇచ్చి, ఒక్కొక్కరినీ మీ హాబీ ఏమిటని అడిగారు. ఒకాయన గులాబీలన్నాడు. ఒకాయన ఫిడేలన్నాడు. మా సీనియరు ఏకాంబరంగారికి ఇరవై రెండేళ్లుగా బావులు, గట్లు, దాయాదులు తప్ప మరొక లోకం లేదు. ఆయన టీ కప్పు కింద పెట్టి "అప్పీళ్లు" అన్నారట. జడ్జీగారు నవ్వి పక్కాయన వైపు తిరిగారు.

ఆ నవ్వు వల్ల మా సీనియరుకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున నన్ను పిలిచారు.

"వరదయ్యా, నేను బొమ్మలు గీస్తా."

"మంచిది సార్. యాడ?"

"ఈ గదిలోనే. ఈడ అడ్డమున్నవన్నీ తీసేయాల."

అది వారింటి ముందుగది. ఆఫీసూ అదే. అందులో అడ్డమున్నవి ఏమిటంటే చట్టాల పుస్తకాల బీరువా, కేసుల కట్టలు, నేను. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. నేను బి.ఎల్. ప్యాసైనప్పుడు, పుత్తూరు దగ్గర మగ్గం నేసుకునే మా నాయన వేపకొయ్యతో ఒక బల్ల చేయించి బండి మీద పంపించాడు. అది ఉత్తరపు కిటికీ కింద ఉండేది. బొమ్మకు ఉత్తరపు వెలుగే కావాలని సీనియరు ఏదో పత్రికలో చదివారు. కనుక బల్ల పశువుల కొట్టం వసారాకు పోయింది. బల్లతో నేనూ పోయాను. రెండో రోజే ఆవు నా సిరా అద్దుడు కాగితం తినేసింది.

బీరువా వంటింటి దారిలోకి చేరింది. సీనియరు భార్య చంద్రకాంతమ్మగారు దాన్ని దాటాలంటే పక్కవాటంగా నడవాలి.

"ఏమప్పా వరదయ్యా, నన్ను సన్నబడమని ఏదైనా చట్టం వచ్చిందా?" అని అడిగారు ఆమె.

కేసుల కట్టలన్నీ అటక ఎక్కి చింతపండు కుండల సరసన కూర్చున్నాయి. బడినుంచి నల్లబల్ల నిలబెట్టే కొయ్య చట్రం అరువు వచ్చింది. మదరాసు నుంచి రంగులు వచ్చాయి. ఇక ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. గురువారం నాడు ఐరాల ఎల్లప్ప వచ్చాడు.

ఎల్లప్పది బావి వ్యాజ్యం. ఊరిబావిలో వారానికి రెండు దినాలు ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడుకునే హక్కు అతనిది. పెదనాయన కొడుకు దేవరాజులు రెండు నెలలుగా ఆ దినాల్లో కూడా తన ఎద్దులనే కట్టి, "మీ నాయన ఎప్పుడో వదులుకున్నాడు పో" అంటున్నాడు. ఎల్లప్పకున్నది అరెకరా చెరుకు. అది ఎండిపోతోంది. వాళ్ల తాతలనాడు రాసుకున్న పారీఖత్తులో ఎవరి దినాలు ఎవరివో స్పష్టంగా ఉంది. ఆ పంపకాల కాగితం మా దగ్గరే దాఖలుకు సిద్ధంగా ఉండేది. వాయిదా సోమవారం. కాగితం మాత్రం ఇప్పుడు అటక మీద రెండువందల కట్టల్లో ఎక్కడుందో తెలియదు.

ఈ సంగతి నేను చెప్పబోతే సీనియరు చెయ్యెత్తి ఆపారు. ఆయన ఎల్లప్ప ముఖాన్ని చూస్తున్నారు.

"కూర్చో ఎల్లప్పా. తల కదిలించొద్దు."

ఎల్లప్ప కూర్చున్నాడు. గురువారం, శుక్రవారం, మళ్లీ శనివారం. పొద్దున ఐరాల నుంచి బస్సులో వచ్చి, ఉత్తరపు కిటికీ పక్కన రాయిలాగా కూర్చుని, సాయంత్రం బస్సులోనే వెళ్లేవాడు. నేను అటక మీద కట్టలు విప్పుతూ, దుమ్ముకు దగ్గుతూ ఉన్నాను. శుక్రవారం మధ్యాహ్నం అతను కొట్టం దగ్గర చద్ది మూట విప్పినప్పుడు, ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఎల్లప్పా, ఆ బొమ్మ కేసుకు కాదు. ఆయన సరదాకు."

అతను నన్ను జాలిగా చూశాడు.

"వకీలు సరదాకు గీస్తాడా సామీ? కిరసనాయిలుకు కార్డు, చక్కెరకు కార్డు, గుడ్డకు కార్డు. వేలిముద్ర ఎప్పట్నుంచో తీసుకుంటా ఉండారు. ఇప్పుడు మొగం గూడా అడగతా ఉండారు. నువ్వు సిన్నోడివి, నీకింకా ఎవురూ సెప్పినట్టు లేదు."

సరుకుల కంట్రోలు రోజులవి. పొద్దున లేస్తే ఒక కొత్త ఫారం. నేను మళ్లీ అటక ఎక్కి కట్టలు విప్పసాగాను.

తన ముఖం కోర్టులో దాఖలవుతోందని ఎల్లప్ప ఐరాలంతా చెప్పుకున్నాడు. శనివారం మధ్యాహ్నానికి దేవరాజులే దిగాడు. గడపలో నిలబడి గదంతా కలయజూశాడు. పుస్తకం ఒక్కటి లేదు, కాగితం ఒక్కటి లేదు. చట్రం మీద ఎల్లప్ప ముఖం ఉంది. అది ఎల్లప్ప కంటే కోపంగా ఉంది. సీనియరు కోపంగా గీయాలని గీయలేదు, కనుబొమలు కుదరక నాలుగుసార్లు దిద్దారు. చెవి ఒకటే ఉంది. కింద మాత్రం అలవాటు చొప్పున "ఐరాల కాపురం, మునెప్ప కొడుకు ఎల్లప్ప" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశారు.

దేవరాజులు గొంతు తగ్గిపోయింది.

"ఏమిరా ఎల్లప్పా ఇది?"

"కదిలిస్తే సెడిపోతాదంట. నన్ను మాట్లాడించొద్దు," అన్నాడు ఎల్లప్ప పెదవులు కదపకుండా.

దేవరాజులు సీనియరు వైపు తిరిగాడు. "సామీ, నాదీ ఒకటి గీయండి. నాకూ మొగం ఉండాది గదా."

ఏకాంబరంగారు కుంచె నీళ్లలో ముంచి, ఇరవై రెండేళ్ల అలవాటుతో అనేశారు.

"కుదరదప్పా. నేను ఎల్లప్ప పక్షం. ఎదుటి పక్షానికి గీసేది ధర్మం కాదు."

దేవరాజులు గడప దిగి, నేరుగా నా కొట్టం వసారాకు వచ్చాడు.

"సామీ, రాజీ అయితే ఆ బొమ్మ కోర్టుకు పోదు గదా?"

"పోదు," అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. పారీఖత్తు దొరకలేదన్న సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు. వెంటనే నా బల్ల మీద రాజీ పత్రం రాశాను. వారానికి రెండు దినాలు, ఎప్పటిలాగే. ఆవు కాగితం వైపు మెడ చాపితే దేవరాజులే దాన్ని అదిలించి, వేలిముద్ర వేశాడు. సోమవారం అది దాఖలైంది. పై వారం నుంచి చెరుకుకు నీళ్లు పారాయి.

తన కళకు ఇంత బలముందని సీనియరుకు అప్పుడే తెలిసింది. ఆ పొంగు పదిహేను రోజులు నిలిచింది. ఈలోపల తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచెలు కట్టుకుని, కక్షిదార్లు వరస కట్టారు. గట్టు తగాదావాడు ఒకడు, "సచ్చిపోయిన మా నాయన్ని సాక్షిగా గీయండి సామీ, పోలికలు నేను సెప్తా," అని పట్టుబట్టాడు. సీనియరు కుంచె విసిరేశారు.

"వరదయ్యా, ఇదీ వీళ్ల పనే అయిపాయ! ఇంక హాబీ యాడుండాది?"

ఈలోగా ఆ జడ్జీగారికి బదిలీ కూడా అయింది. బీరువా వెనక్కి వచ్చింది. చంద్రకాంతమ్మగారు నేరుగా నడిచారు. నా బల్ల కిటికీ కిందికి రాలేదు. ఆ చోట సీనియరు ఒక పడక కుర్చీ వేసుకుని, మధ్యాహ్నాలు అప్పీళ్లు చదువుకోసాగారు. ఎవరైనా హాబీ ఏమిటంటే, "చిత్రకళ. ప్రస్తుతం మానేశాను," అనేవారు.

కట్టలు దించేటప్పుడు పారీఖత్తు కనిపించింది. దాని మీద ఒక చింతపండు కుండ కూర్చుని ఉంది. గుండ్రటి మరక తప్ప అక్షరం చెడలేదు. సీనియరు ఎల్లప్పకు ఇచ్చి రమ్మంటే ఐరాల పోయాను.

ఎల్లప్ప దాన్ని అందుకుని, మడిచి, దూలం సందులో చెక్కాడు. "ఇదెందుకు సామీ ఇంక? అది ఉండాది గదా," అని గోడ చూపించాడు. సీనియరును అడిగి తెచ్చుకున్న ఆ బొమ్మకు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. భార్య అలివేలమ్మ బొట్టు కూడా పెట్టింది.

"ఒకటే దిగులు సామీ," అన్నాడు మెల్లగా. "సెవి ఒకటి తక్కువుండాది. రేపెప్పుడైనా దేవరాజులు సూసి, ఈ మొగం నాది కాదని వ్యాజ్యం ఏస్తే?"

ఆ వాదం వేయడానికి వీలున్నదే. అద్దం విప్పించి, జేబులోని పెన్సిలు తీసి, రెండో చెవి గీశాను. అది దిద్దుబాటు గనుక పక్కన పొడి సంతకం కూడా చేశాను.