ఫాల్ తాగిన రంగు

ఇలా దగ్గరికి వచ్చి కూర్చోండి. గట్టిగా చెబితే నాంచారమ్మ వింటుంది. నేను ఒక పాలిస్టర్ చీరను. సూరత్ మిల్లులో పుట్టాను. పత్తి మొక్క మొహం ఎరగను. ఈ ఒక్క ముక్క మనుషుల బుర్రకు ఎక్కక నేను పడ్డ పాట్లు వినండి.

మీగడ రంగులో మెరిసే నన్ను కొన్నది భ్రమరాంబ. ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదని మురిసిపోయేది. పోయేముందు నన్ను కూతురు హైమావతి చేతిలో పెట్టి, "తమ్ముడి పెళ్ళికి కట్టుకో" అంది. ఆ పెళ్ళి దగ్గరపడ్డాక ఇనప పెట్టె తీస్తే ఏముంది? నా కింది అంచున, సరిగ్గా కుచ్చెళ్ళ దగ్గర, తుప్పు మరక. ఎంత ఉతికినా పోలేదు. అమ్మ లేని పెళ్ళిలో అమ్మ చీరైనా ఉండాలని హైమావతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆమె అత్తగారు నాంచారమ్మది చీరాల దగ్గర నూలుకు రంగులద్దే ఇల్లు. వంకాయ చేతికిచ్చినా ఆవిడ కూర మాట ఎత్తదు, ఆ రంగు ఎలా కలపాలో చెబుతుంది.

"ఏడుపెందుకే? ముదురు ఎరుపులో ముంచితే మరకా గిరకా కనపడదు."

"ఇది పాలిస్టరు కదత్తయ్యా, పడుతుందంటారా?"

"గుడ్డ గుడ్డే. మా చేతి రంగు కాదన్న గుడ్డ ఇంకా పుట్టలేదు."

పుట్టానమ్మా, నీ ఎదురుగానే ఉన్నాను. ఎవరు వింటారు?

నూలుకు వేసే రంగే కలిపి, ఉప్పు పోసి, నన్ను డేగిసాలో కుక్కి పొయ్యి మీద పెట్టింది. కర్రతో తిప్పింది, పొడిచింది. తీసి జాడిస్తే రంగంతా నీళ్ళపాలు. నేను మీగడలాగే ఉన్నాను. మళ్ళీ ఉప్పు, మళ్ళీ మంట. ఉడకడానికి నేనేమన్నా కందిపప్పునా? ఆ మరుగుకు ఒళ్ళంతా ముడతలు పడ్డాయి. అవిక ఏ ఇస్త్రీకీ లొంగవు. ఇస్త్రీ అక్కర్లేదని మురిసిన భ్రమరాంబ చూస్తే ఏమనేదో.

నా కింది అంచు లోపల కుట్టిన ఫాల్ పట్టీ మాత్రం నూలుది. అది రంగంతా తాగి దానిమ్మ గింజలా తయారైంది.

"చీరకు పట్టని రంగు ఫాల్‌కెట్టా పట్టిందత్తయ్యా?"

"దానికి బుద్ధుంది. దీనికి లేదు."

నాకు బుద్ధి లేదట.

హైమావతి నన్ను ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కత్తెర తెచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె ఫాల్ కుట్లు మాత్రం ఊడదీసి, లోపలి పట్టీని పైకి తెచ్చి, అదే అంచు మీద అంచులా కుట్టింది. మరక దాని కిందికి పోయింది.

పెళ్ళిలో పెళ్ళికూతురి పిన్ని, "ముడతల చీరకు ఎర్రంచు, కొత్త మోస్తరుగా ఉందే, ఎక్కడ కొన్నావమ్మాయ్?" అంది. హైమావతి నోరు తెరిచేలోపు నాంచారమ్మ అందుకుంది. "కొనడమేందమ్మా, మా చేతి రంగు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో పెళ్ళికొడుకు అక్క కాళ్ళకు మొక్కడానికి వంగాడు. వంగినవాడు నా అంచు పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మదేగా అక్కా."

"అమ్మదేరా."

సగం మంట అక్కడే చల్లారింది. మిగతా సగం అలాగే ఉంది. ఎందుకంటే నిన్ననే నాంచారమ్మ పెట్టె తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, "ఈసారి నీలం వేసి చూద్దామా" అంది.

కాబట్టి నేను చెప్పింది గుర్తుంచుకోండి. నాలాంటిదాన్ని ఎవరైనా నూలు రంగులో ఉడకబెట్టబోతే, ముందు పొయ్యి ఆర్పి ఈ కథ చెప్పండి. వెళుతూ వెళుతూ నాంచారమ్మకూ చెప్పండి. నేను చెబితే ఆవిడ వినదు.