నూట పన్నెండో పేజీ

“పుస్తకం చదివేశావుగా. రాసినావిణ్ణి చూసి కొత్తగా ఏం తెలుసుకుంటావ్?” అన్నారు మా ఆయన, వార్తాపత్రిక వెనక నుంచి.

నేను డబ్బాలకు మూతలు పెడుతున్నాను. మధ్యాహ్నానికి మూడు, సాయంత్రానికి రెండు. దేని మీద దానికి చీటీ అంటించాను. చీటీ లేకపోతే ఈ ఇంట్లో ఎవరికీ ఏ డబ్బాలో ఏముందో తెలియదు. మూత తీసి చూస్తే తెలుస్తుంది కానీ, తీసి చూడటం నా పని.

“నాలుగింటికల్లా ఇంట్లో ఉండు. చెల్లీ బావగారూ వస్తున్నారు. వాళ్ళ ముందు నేను గిన్నెలు వెతుక్కుంటూ తిరిగితే బాగోదు.”

“ఉంటానండీ.”

లోపలి గదిలోంచి అత్తయ్య అందుకుంది. “రాసేదానికి పని లేదు, చూడబోయేదానికి అంతకన్నా లేదు. నా మాత్రలు ఎక్కడ పెట్టావే?”

మంచం పక్కనే పెట్టాను. ఆ సంగతి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి వెళ్ళి చేతికిచ్చాను. ఇదంతా ఒక్క రోజు సెలవుకి. మూడు వారాల ముందు ఇంట్లో అడిగి, రెండు వారాల ముందు ప్రెస్సులో అడిగి, నిన్న మళ్ళీ రెండు చోట్లా గుర్తు చేసి సంపాదించిన సెలవు. బస్సెక్కి కూర్చున్నాక గాని తెలియలేదు, నడుము ఎంతగా లాగుతోందో.

నేను ప్రూఫులు దిద్దుతాను. పంతొమ్మిదేళ్ళుగా అదే ప్రెస్సు, అదే కిటికీ, అదే బల్ల. అక్కడ నన్ను కళ్ళద్దాలమ్మ అంటారు. ఈ రచయిత్రి నవలలన్నీ మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. అంటే ఆవిడ తర్వాత వాటిని మొట్టమొదట చదివేది నేనే. అయినా ఆవిణ్ణి ఒక్కసారీ చూడలేదు. ఆవిడ ఉండేది వేరే ఊరు, మాట్లాడేది మా ప్రొప్రయిటరు గారితో.

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ఎర్ర సిరాతో రాస్తే దిద్దుబాటు. కంపోజింగులో మారు మాట్లాడకుండా అలాగే టైపు చేసేస్తారు. పెన్సిలుతో రాస్తే సందేహం. దాన్ని ప్రొప్రయిటరు గారు రచయితకు ఫోన్లో చదివి వినిపిస్తారు, తర్వాత నేను చెరిపేస్తాను. “ఈ పాత్ర వయసు ముందు పేజీలో ముప్పై అన్నారు మేడమ్, ఇక్కడ ముప్పై నాలుగైంది” అని ఆయన ఫోన్లో అంటుంటే, పక్క గదిలో నాకు వినిపించేది. ప్రశ్న నాది, గొంతు ఆయనది. అవతల ఆవిడ మెచ్చుకున్నట్టుంది, ఆయన “అంతా మీ అభిమానం” అంటూ నవ్వేవారు. నేను రబ్బరు తీసుకుని చెరిపేదాన్ని.

పదకొండేళ్ళ కిందట ఆవిడ మూడో నవల వచ్చింది. పని ఎక్కువై కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కలం. నవలలో ఒకావిడ ఇరవై మంది చుట్టాలకు వండుతోంది. వడ్డించింది, ఎత్తింది, కడిగింది, తలుపు గడియ వేసింది. అక్కడితో అధ్యాయం అయిపోయింది. నూట పన్నెండో పేజీ. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు. పెన్సిలు కోసం చూస్తే మా అమ్మాయి బడికి పట్టుకుపోయింది. ఆలోచించే తీరిక ఎక్కడిది, పొయ్యి మీద మాడు వాసన వస్తోంది. చేతిలో ఉన్న ఎర్ర కలంతోనే అంచున రాశాను: ‘అందరూ తిన్నారు. ఈమె ఎప్పుడు తింది?’

కంపోజింగు వాళ్ళు పద్ధతి తప్పలేదు. ఎర్ర సిరా కనబడింది, టైపు చేసేశారు. అధ్యాయానికి ఆఖరి వాక్యమై కూర్చుంది.

అచ్చయిన ప్రతి చూసి ప్రొప్రయిటరు గారు ప్రెస్సు కప్పు లేచిపోయేలా అరిచారు. “నీకు ఆకలేస్తే ఇంటికెళ్ళి తిను! ఆవిడ పుస్తకంలో కెలుకుతావా? నీ పని అక్షరాలు చూడటం, ఆడవాళ్ళ ఆకలి చూడటం కాదు!” అందరి ముందూ. నేను బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. తర్వాత ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలొచ్చాయి. ఇక ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఇంట్లో ఒకసారి చెప్పాను. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. “తప్పు చేసి కూడా గొప్పగా చెప్పుకునేదాన్ని నిన్నే చూశాను.” అప్పట్నుంచి ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు మాత్రం చెప్పాలి. క్షమించమని అడగాలో, అది నాది అని అనాలో పదకొండేళ్ళుగా తేలలేదు.

పుస్తకాల ఉత్సవం గేటు దాటగానే ఆగిపోయాను. ముందు నడుస్తున్న అమ్మాయి భుజానికి గుడ్డ సంచి. దాని మీద ఎర్ర అక్షరాలతో ‘ఈమె ఎప్పుడు తింది?’. ఇంకో అమ్మాయి భుజానికి ఇంకోటి. దుకాణంలో దొంతరలు. నా మాట ఇంతమంది భుజాల మీద తిరుగుతోంది. నేను మాత్రం బస్సు టికెట్టు పట్టుకుని పక్కకి ఒదిగి దారి ఇస్తున్నాను.

రెండింటికి మొదలవ్వాల్సిన సభ మూడింటికి మొదలైంది. మా ప్రొప్రయిటరు గారు ముందు వరసలో, కాలు మీద కాలు. నేను చివరి వరసలో, స్తంభం చాటున. రచయిత్రి చేతికర్ర ఊతంతో వచ్చి కూర్చుంది. పొట్టి జుట్టు, అలసిన కళ్ళు. నేననుకున్నదానికన్నా చిన్న మనిషి.

ప్రశ్నలు వేస్తున్న ప్రొఫెసరు అడగనే అడిగాడు. “ఆ ఒక్క వాక్యం మీకెలా తట్టింది?”

“నాకు తట్టలేదు. అది నేను రాయలేదు.”

వినయం అనుకుని జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“అచ్చులో చూసి మండిపడి ప్రెస్సుకి ఫోన్ చేశాను. ‘చివరిసారి నేనే చదివాను మేడమ్, మనసాగక రాసేశాను, ఎవరికీ చెప్పకండి, మీ పేరే ఉండనివ్వండి’ అన్నారు ప్రొప్రయిటరు గారు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఇన్నేళ్ళూ నమ్మాను. మొన్న ఆయన ఇంట్లో భోంచేశాను. ఆయన భార్య వడ్డిస్తూ నిలబడే ఉంది. మీరూ కూర్చోండమ్మా అంటే, ఆయన తల ఎత్తకుండానే ‘ఆవిడ తర్వాత తింటుంది లెండి’ అన్నారు. ఆ ‘తర్వాత’ అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చే మనిషికి ఈ ప్రశ్న పుట్టదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కాలు మీద కాలు దిగింది.

సంచిలో ఫోను వణికింది. మూడూ నలభై. ఇప్పుడు బయల్దేరితే నాలుగున్నరకి ఇల్లు. వరసలో నిలబడితే ఆరు. నోరు విప్పితే రేపు ఉద్యోగం ఉంటుందో లేదో. ఈ లెక్కలన్నీ వేస్తూనే ఉన్నాను. కాళ్ళు మాత్రం సంతకాల వరసలోకి నడిచాయి.

నా వంతు వచ్చేసరికి మెడ నుంచి మడమ దాకా నొప్పి. బల్ల పక్కన ప్రొప్రయిటరు గారే నిలబడి, పుస్తకాలు విప్పి ఆవిడ ముందు పెడుతున్నారు. ముఖాన నవ్వు అతికించినట్టుంది. నన్ను చూడగానే అదీ ఊడింది.

“కళ్ళద్దాలమ్మా! నువ్వేంటి ఇక్కడ?”

“సెలవు పెట్టాను కదండీ.”

నేనే పుస్తకం విప్పి నూట పన్నెండో పేజీ తీసి ఆవిడ ముందు పెట్టాను.

“అందరూ ఈ పేజీలోనే అడుగుతున్నారు,” అంది ఆవిడ, కలం ఎత్తి.

“ఆఖరి వాక్యానికి పైన చెయ్యండి మేడమ్. అక్కడిదాకా మీది.”

కలం ఆగింది.

“ఆ రోజు పెన్సిలు మా అమ్మాయి బడికి పట్టుకుపోయిందండీ,” అన్నాను. ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇదే. “ఎర్ర సిరాతో రాసేశాను. పొయ్యి మీద మాడిపోతోంది.”

ఆవిడ ప్రొప్రయిటరు గారి వైపు చూసింది. ఆయన పుస్తకాల దొంతర సర్దుతున్నారు. సర్దినదాన్నే మళ్ళీ సర్దుతున్నారు.

ఆవిడ ఆఖరి వాక్యానికి పైన సంతకం చేసి, కలం నా చేతికిచ్చింది. “కింద మీరు చెయ్యండి.”

చేశాను. కాగితం అంచున కాకుండా మధ్యలో రాయడం నాకు అదే మొదలు.

“రేపు ఆఫీసులో మాట్లాడదాం,” అన్నారు ప్రొప్రయిటరు గారు పళ్ళ బిగువున.

“మాట్లాడదాం సార్. నాకూ చాలా ఉంది.”

ఆవిడ కర్ర అందుకుని లేచింది. వెనక వరస వైపు చెయ్యెత్తి, “పది నిమిషాలమ్మా, ఏమీ అనుకోకండి,” అంది. తర్వాత నా ముఖంలోకి చూసింది. “ఇంతకీ, మీరు తిన్నారా?”

ఐదు డబ్బాలు నింపాను. చీటీలు అంటించాను. ఆరో డబ్బా సంగతి గుర్తే లేదు.

“లేదండీ.”

“నేనూ లేదు. రండి.”

వేదిక వెనక ఒక ప్లాస్టిక్ బల్ల, రెండు కుర్చీలు. ఎవరో వేడివేడిగా రెండు పళ్ళేలు తెచ్చి పెట్టారు. నేను అలవాటుగా లేచి ఆవిడకి మంచినీళ్ళు పొయ్యబోతే, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మొదటి ముద్ద నోట్లో ఉండగా ఫోను మోగింది. ఎత్తాను.

“ఎక్కడున్నావ్? ఐదు దాటింది! వీళ్ళొచ్చి గంటైంది, టీ పొడి ఎక్కడుందో తెలిసి చావట్లేదు. ఏం చేస్తున్నావక్కడ?”

నింపాదిగా నమిలాను. మింగాను.

“తింటున్నానండీ.”

“ఏంటీ?”

“తింటున్నాను,” అన్నాను. “మీరు తర్వాత చెయ్యండి.”