ప్రమీల పేరులో మొదటి అక్షరం

రైల్వేలో స్టేషన్ బోర్డులు రాసి రిటైరైన ప్రకాశం దృష్టిలో అక్షరమంటే నిటారుగా నిలబడాలి, పరిగెత్తే రైల్లోంచి చూసినా తెలియాలి. అందుకే దేవేంద్ర నగర్ ఇంట్లో కూతురు షారోన్ తన పెళ్లికార్డును కంప్యూటర్లో వంపులు తిరిగిన ఇంగ్లీషు ఫాంటులో దిద్దుతుంటే ఆయనకు ఒళ్లు మండింది.

"ఇదేం రాతే? తాగినోడి నడకలాగుంది. అన్నీ క్యాపిటల్ లెటర్సే పెట్టు. బోర్డుకైనా కార్డుకైనా అదే పద్ధతి!"

షారోన్ అన్నీ క్యాపిటల్సే పెట్టింది. తోకలూ కొక్కేలూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని, తల్లి ప్రమీల పేరు తుమ్మకంపలా తయారైంది. ప్రకాశం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒక్క ముక్కా అంతుపట్టలేదు.

"ఈ ఫాంటుకి క్యాపిటల్ మొదట ఒక్కటే ఉండాలి నాన్నా. మిగతావన్నీ దాని చెయ్యి పట్టుకుని నడుస్తాయి. అబ్ దేఖో, ఇప్పుడు చూడు," అంటూ షారోన్ మార్చింది.

మొదటి అక్షరం తోక పైకి లేచి, పేరంతటి మీదా పెళ్లిముసుగులా వాలింది. దాని కింద చిన్నక్షరాలు సన్నబడుతూ, లావెక్కుతూ, ఎక్కడా తెగకుండా సాగాయి. కుంచె ఎక్కడ నొక్కితే ఆ లావు వస్తుందో, ఎక్కడ ఊపిరి బిగబడితే ఆ సన్నం వస్తుందో ఆయన చేతికి తెలుసు. ఆ చెయ్యి గాలిలో దానంతటదే కదిలింది.

ఆసుపత్రి డ్యూటీ దిగి అప్పుడే లోపలికొచ్చిన ప్రమీల గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటండీ, గాల్లో ఏం రాస్తన్నారు?"

"నీ పేరే," అన్నాడు ప్రకాశం, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇన్ని ఊళ్ల పేర్లు రాశాను గానీ, ఇది ఒక్కసారీ రాయలేదే."