ఎండ తగిలితే మాట్లాడేది

ఆఫీసులో ఆమెను అందరూ బ్యాటరీ అక్క అనేవారు. ఉపగ్రహాలకు బ్యాటరీలు తయారు చేయించడం, అవి భూమి నీడలో చల్లబడి చావకుండా, ఎండలో కాగి ఉబ్బిపోకుండా చూసుకోవడం ఆమె పని. యాభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా ఎప్పుడో అడగడం మానేశారు.

తమ్ముడి ఇంటికి వెళ్తే మాత్రం వేరే ప్రశ్నలు కాచుకుని ఉండేవి. మరదలి తరఫు చుట్టాలెవరో ఒకరు ఉండేవారు. ఈమె ఏం పని చేస్తుందో తెలియగానే మొదలుపెట్టేవారు.

"అంత పైన దానికి పెట్రోలు ఎవరు పోస్తారండీ?"

"పొయ్యక్కర్లేదండీ. ఒకసారి తోసి వదిలేస్తే తిరుగుతూనే ఉంటుంది. దారి సరిచేసుకోవడానికి కాస్త ఇంధనం పెడతాం, అంతే."

"మరి కింద పడదా?"

"పడుతూనే ఉంటుంది. కాకపోతే ఎంత జోరుగా పక్కకి పోతుందంటే, అది పడేలోపు కింద భూమి వంగిపోతుంది. అందుకని తగలదు."

అందరూ తలలూపేవారు. అర్థమైనట్టు ఎవరి మొహంలోనూ కనిపించేది కాదు. "మీరెప్పుడైనా పైకి వెళ్లొచ్చారా?" అని చివరికి ఎవరో ఒకరు అడిగేవారు. లేదనగానే మాట ఇళ్ల స్థలాల మీదికి మళ్లేది. ఆమె మర్యాదకి ఇంకాసేపు కూర్చుని, చెప్పులేసుకుని వచ్చేసేది.

ఆ ఏడాది ఆమె చూసుకుంటున్న పాత ఉపగ్రహానికి కాలం చెల్లింది. సముద్రం మీది వేడిని కొలవడానికి పంపిన చిన్న ఉపగ్రహం అది. బుడ్డది అని ముద్దుపేరు. పంపిన రోజున గదిలో నిలబడడానికి చోటు లేదు. తర్వాత ఒకరికి ప్రమోషను వచ్చింది, ఒకరు కొత్త ప్రాజెక్టులో చేరారు, ఒకరు ఉద్యోగమే మానేశారు. చివరికి ఆమె, యాంటెనా చూసుకునే ఆపరేటరు మిగిలారు. పైన కొలిచే పరికరాలు కూడా ఒక్కొక్కటే మూలపడ్డాయి. బ్యాటరీ మాత్రం చెక్కుచెదరలేదు.

"బ్యాటరీ బాగుందని ఉంచుకోలేం కదమ్మా," అన్నాడు డైరెక్టరు. "దాని ఫ్రీక్వెన్సీ కొత్త ఉపగ్రహానికి ఇచ్చేశారు. ఆపేసెయ్."

ఆపడానికీ ఒక పద్ధతి ఉంది. మిగిలిన ఇంధనం బయటికి వదిలేయాలి. బ్యాటరీని విడదీయాలి. లేకపోతే ఎప్పుడో ఒకనాడు అది పేలి, ఆ ముక్కలు మిగతా ఉపగ్రహాల మీద పడతాయి. ఆఖరున ట్రాన్స్‌మిటరు ఆపాలి. ఆమె అన్నీ వరసగా చేసింది. తెర మీద అంకెలు కదలడం మానేశాయి. ఆపరేటరు కుర్చీ వెనక్కి జరిపి, "టీ తాగుదామా అక్కా?" అన్నాడు. ఆమె వద్దంది. సాయంత్రానికల్లా ఆ గదిలో కంప్యూటర్లు తీసుకుపోయారు. గోడకి గడియారం, కింద తీగల చిక్కు మిగిలాయి.

కొన్ని వారాల తర్వాత ఆమెకు ఒక ఫోను వచ్చింది.

"నేను పళ్ల డాక్టర్నండీ."

"నేను అపాయింట్‌మెంటేం అడగలేదే."

"అందుకు కాదండీ. మా మేడ మీద యాంటెనా పెట్టుకుని ఉపగ్రహాల సిగ్నళ్లు వింటుంటాను, సరదాకి. మీవాళ్లు ఆపేశామని ప్రకటించింది ఉంది చూశారూ, సముద్రం వేడి కొలిచేది. అది మాట్లాడుతోందండీ."

ఆమె నమ్మలేదు. అయినా ఆ మధ్యాహ్నమే వెళ్లింది. కింద క్లినిక్కు, పైన మేడ. మేడ మీద నీళ్ల ట్యాంకు, తీగ మీద ఆరేసిన క్లినిక్కు తువ్వాళ్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తెల్లకోటు కూడా విప్పకుండా డాక్టరు చేపముల్లు లాంటి యాంటెనా చేత్తో పట్టుకుని ఆకాశం వైపు తిప్పుతున్నాడు. రేడియోలో హోరు తప్ప ఏమీ లేదు. అంతలో ఆ హోరులోంచి సన్నగా ఒక కీచుమనే చప్పుడు పైకి తేలింది. ఆగింది, మళ్లీ వచ్చింది.

ఆమె కుర్చీ రేడియో దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ చప్పుడు ఆమెకు తమ్ముడి గొంతు కన్నా బాగా తెలుసు.

"మా ఆవిడ పోయాక మొదలెట్టానండీ ఇది," అన్నాడు డాక్టరు, కళ్లు పైనుంచి దించకుండా. "నా దగ్గరికొచ్చేవాళ్లు రోజంతా నోరు తెరుస్తారు గానీ, మాట్లాడరు."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చింది.

"ఒకటి అడగనా? మీరు ఆగమన్నది దానికి వినపడలేదా? లేక వినీ ఊరుకుందా?"

ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అలాంటి ప్రశ్న అడగలేదు. ఆమె కాస్త ముందుకి జరిగి కూర్చుంది.

"విన్నదండీ. ఆగింది కూడా. కానీ బ్యాటరీ విడదీశాను కదా, నీడలోకి పోగానే మొత్తం ఆరిపోతుంది. మళ్లీ ఎండ తగిలితే సౌర ఫలకాల నుంచి కరెంటు నేరుగా వచ్చేస్తుంది. కంప్యూటరు లేస్తుంది. నేను ఆగమన్న సంగతి దానికి గుర్తుండదు. లేవగానే ముందు 'నేనిక్కడున్నాను' అని చెప్పాలని దానికి నేర్పాం. నేనే పట్టుబట్టి పెట్టించాను."

"ఎందుకలాగ?"

"తప్పిపోతే వెతుక్కోవడానికి."

డాక్టరు యాంటెనా దించాడు. "అయితే ఉండనివ్వకూడదా పాపం?"

 ఈ సంగతి ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒక వంక పెట్టుకుని మధ్యాహ్నాలు ఆ మేడ మీదికి వెళ్లేది. డాక్టరు తీరికగా ఉంటే వచ్చేవాడు, లేకపోతే తాళం ఇచ్చి పంపేవాడు. ఇద్దరూ ఉన్నా పెద్దగా మాటలుండేవి కావు. బుడ్డది వచ్చేది, నేనిక్కడున్నానని చెప్పేది, పక్కింటి గోడ వెనక్కి దిగిపోయేది.

కొత్త ఉపగ్రహం బయల్దేరే రోజు దగ్గర పడింది. దాని బృందం క్యాంటీనులో పక్క బల్ల దగ్గర కూర్చుని మొదటి సిగ్నలు గురించే మాట్లాడుకుంటోంది. అందులో ఒకమ్మాయి భయంతో అన్నం సరిగా తినడం లేదు. మొదటి సిగ్నలు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో బ్యాటరీ అక్కకి తెలుసు. అదే ఫ్రీక్వెన్సీలో పాతది అరుస్తూ ఉంటే ఆ అమ్మాయికి ఏం వినపడుతుంది? ఆమె పళ్లెం వదిలేసి లేచి డైరెక్టరు గదికి వెళ్లింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడాయన అంతా విని.

"కొన్నాళ్లయింది సార్."

ఆయన ఆమె మొహం చూసి, యాంటెనాల టైము పట్టిక ముందుకి లాక్కున్నాడు. "పెద్ద యాంటెనా ఖాళీ లేదు. అది మన నెత్తి మీదుగా పోయేటప్పుడు ఒక్కసారికి ఇప్పిస్తాను. మళ్లీ మళ్లీ అడగకు."

కొత్త బృందం గదిలోనే ఒక మూల చోటిచ్చారు. ఎవరో కుర్చీ మీద నుంచి తన బ్యాగు తీసి కింద పెట్టారు. బుడ్డది పైకి రాగానే ఆమె కొత్త ఆదేశం పంపింది. ఇక మీదట నిద్ర లేచినా నోరు మెదపకూడదు. కరెంటు పోగానే మరిచిపోయే జ్ఞాపకంలో కాదు, పోయినా చెరగని చోట రాయాలి. రాసుకుంది. రాసుకున్నానని జవాబు పంపింది. ఫలకాల వేడి ఎంతో, కరెంటు ఎంత వస్తోందో కూడా ఎప్పటిలాగే చెప్పుకుంటూ పోయింది. అన్నీ బాగానే ఉన్నాయి. దిగిపోయేదాకా ఆమె ఆ అంకెలు చదువుతూనే కూర్చుంది. లేచి థాంక్సండీ అంటే, ఎవరి తెర వాళ్లు చూసుకుంటున్నారు, ఒకరు చెయ్యి ఊపారు.

నిజంగా ఆగిందో లేదో చూడడానికి మళ్లీ డాక్టరు మేడే గతి. మర్నాడు ఆమె వెళ్లేసరికి ఆయన మెట్లెక్కుతున్నాడు.

"కింద ఒకాయన దవడకి మత్తు ఎక్కుతోంది. కాస్త టైముంది మనకి."

"ఇవాళ నేను పట్టుకుంటాను," అందామె.

యాంటెనా తేలికే గానీ, చెయ్యి చాపి పట్టుకుంటే కాసేపటికే బరువు తెలిసింది. వేళ అయింది. రేడియో హోరుమంటూనే ఉంది. ఆమె బుడ్డది పోయే దారి వెంట మెల్లగా చెయ్యి తిప్పుతూ పోయింది.

"ఏమీ రావట్లేదండీ," అన్నాడు డాక్టరు.

"పనిచేసిందన్నమాట."

"ఇంకా పైనే ఉందా మరి?"

"ఉంది. చాలా ఏళ్లుంటుంది. మెల్లమెల్లగా కిందికి జారి, గాలి రాపిడికి కాలిపోతుంది."

"ఇప్పుడెక్కడుంది?"

ఆమె యాంటెనా కొసతో చూపించింది. ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ వైపు చూశాడు. ఎండ తప్ప ఏమీ లేదు. ఆయన ఆమె భుజం దగ్గర గాలిలో చెయ్యి అలా ఆపి, తీసేసుకున్నాడు. కింద నుంచి నర్సు పిలిచింది.

"మీరుండండి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేయండి చాలు," అని దిగిపోయాడు.

బుడ్డది పక్కింటి గోడ వెనక్కి పోయేదాకా ఆమె చెయ్యి దించలేదు. తర్వాత రేడియో ఆపి, యాంటెనా ట్యాంకు పక్కన ఆనించి, తలుపు వేసి మెట్లు దిగింది. క్లినిక్కులో బెంచీ మీదివాళ్లు, వంతు వచ్చిందేమోనని ఒక్కసారి తలెత్తి ఆమెను చూశారు. కాదని తెలిసి మళ్లీ దించుకున్నారు.