మాట్లాడుతూ బిగించాలి

సూదక్క నోరు తెరిస్తే గుండుసూదులు రాలతాయని వీధిలో వాళ్ళు అనుకునేవారు. అది పూర్తిగా వేళాకోళమేమీ కాదు. పొద్దున దుకాణం తలుపు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆమె పెదవుల మధ్య సూదులుండేవి. కొత్త గౌను తొడుక్కుని నిలబడ్డ మనిషి చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ, ఒక్కో సూదినీ నోట్లోంచి తీసి అంచుకి గుచ్చేది. "ఊఁ" అంటే ఇటు తిరగమని. కాస్త సాగదీసి అంటే కదలొద్దని. ముప్పై ఏళ్ళుగా అదే ఆమె భాష. బేరాలూ, పొగడ్తలూ, ఆలస్యానికి చెప్పే సాకులూ అన్నీ కోడలి వంతు. వాటికి కోడలి దగ్గర ఏనాడూ కరువు లేదు.

అలాంటి సూదక్కకి ఏడాది కిందట ఒక కష్టం మొదలైంది. కడుపులో కదలిక వచ్చిందంటే ఆగదు. బాత్రూమ్ తలుపు చేరేలోపే బట్ట కొంచెం పాడయ్యేది. మోకాళ్ళ మీంచి లేచేటప్పుడైతే మరీ భయం. ఎవరితోనూ అనలేదు. ముదురు రంగు బట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న కుట్టుమిషను కిటికీ పక్కనుంచి తీసి బాత్రూమ్ ఎదురుగా వేయించింది. ఎందుకని భర్త అడిగితే అక్కడ వెలుతురు బాగుందంది. ఆ మూల పట్టపగలే చీకటి. ఆయన ఎలక్ట్రీషియను. గోడకేసీ ఆమెకేసీ చూసి, నిచ్చెన తెచ్చి అక్కడో పెద్ద లైటు బిగించాడు.

ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చింది కానీ నాటకశాల దగ్గర చిక్కుల్లో పడింది. ఊళ్ళో నాటకాలకి బట్టలు కుట్టేది వీళ్ళ దుకాణమే. పెళ్ళికూతురి గౌనైనా ఒక్కరోజే వేసుకుంటారు, నాటకం బట్టలు నెలల తరబడి వందలమంది చూస్తారు. సూదక్క మనసంతా ఆ పని మీదే. కిందటి నాటకానికి రంగస్థలం మీద చివరి కొలతలు చూస్తుండగా కడుపులో కదిలింది. సగం అంచు సూదులతో అలాగే వేలాడుతుంటే, టేపు బల్ల మీద పడేసి, ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికి వచ్చేసింది. అక్కడి దుస్తుల విభాగం ఆవిడ దాన్ని పొగరనుకుంది.

ఇప్పుడు కొత్త నాటకం వచ్చింది. మహారాణి గౌనుతో సహా పని మళ్ళీ వీళ్ళకే ఇస్తామని కబురు పంపింది ఆవిడ. కానీ మొదటి ప్రదర్శన రోజు మధ్యాహ్నం నుంచి తెర లేచేదాకా దర్జీ అక్కడే ఉండాలి. ఈసారి కూడా మధ్యలో వెళ్ళిపోయేట్టయితే ఇప్పుడే చెప్పేయండి, ఇంకొకరిని చూసుకుంటాం అని కూడా అంది. నాటకానికి ఇంకా నాలుగైదు నెలల టైముంది.

"నువ్వెళ్ళు," అంది సూదక్క కోడలితో.

"నేనా అత్తయ్యా? నేను మడిచిన అంచుతో మహారాణి మెట్లు దిగితే నేరుగా ముందు వరసలో వాళ్ళ ఒళ్ళో పడుతుంది."

సూదక్క నవ్వలేదు. చేతిలో గుడ్డని మడిచి విప్పుతూ కూర్చుంది. కోడలు కత్తెర పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"ఏడాదిగా మీ బట్టలు మీరే ఉతుక్కుంటున్నారు. నా మీద ప్రేమ పొంగిపోయిందనుకోడానికి నేనేమైనా వెర్రిదాన్నా? నాకూ పాప పుట్టాక తుమ్మితే చాలు తడిసిపోయేది. ఆసుపత్రిలో ఏదో కసరత్తు నేర్పారు, తగ్గింది. రేపు వెళ్దాం."

సూదక్క తలూపింది. ఆమె మొహం చూస్తే, వీపు మీంచి మూట దింపుకున్న మనిషిలా ఉంది.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి ప్రమాదమేమీ లేదన్నాడు. కాన్పులూ వయసూ కలిసి, కింద పట్టి ఉంచే కండరాలు వదులయ్యాయని, వాటికి పని చెబితే బిగుస్తాయని, ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆమె చిన్నపిల్ల, కోడలికంటే కూడా చిన్నది. తుంటి ఎముకల మధ్య అడుగున ఉయ్యాలలా పరుచుకుని కండరాలుంటాయని బొమ్మ వేసి చూపించింది. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాసు బయటికి పోకుండా ఎలా ఆపుకుంటారో అలా బిగించి, పైకి లాగి, కాస్త ఉంచి, పూర్తిగా వదిలెయ్యాలి. పడుకుని చెయ్యొచ్చు, కూర్చుని చెయ్యొచ్చు, ఎదుటివాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, నెలలూ పట్టొచ్చు, తొందరపడొద్దని చెప్పింది.

పని విషయంలో సూదక్కకి బద్ధకమన్నది తెలియదు. కాజాలు కుట్టినంత శ్రద్ధగా చేసింది. వారాలు గడిచాయి. పిరుదులు నొప్పెట్టాయి, తల బరువెక్కింది, అసలు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తన ఒంటికి ఇక అతుకు పడదని నిశ్చయించుకుని, నాటకశాలకి కుదరదని చెప్పేయమంది. కోడలు సరేనంది కానీ చెప్పలేదు. చెప్పకుండా మళ్ళీ ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

"ఏదీ, నా ముందు చెయ్యండమ్మా," అంది ఫిజియోథెరపిస్టు.

సూదక్క కుర్చీలో నిటారుగా కూర్చుని బిగించింది. పెదవులు గీత గీసినట్టు మూసుకుపోయాయి. భుజాలు చెవుల దగ్గరికి లేచాయి. మనిషి కుర్చీలో అంగుళం పెరిగింది. ఆ పిల్ల ఆమె మొహంలోకి వంగి చూసింది.

"నోట్లో ఏమైనా ఉందా?"

కోడలు ఫక్కుమని నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుండుసూదుల సంగతి చెప్పింది. అప్పుడు తేలింది. సూదులు మింగకుండా ఉండాలంటే పెదవులు బిగించాలి, ఊపిరి సగంలో ఆపాలి, పొట్ట లోపలికి పట్టాలి. సూదక్క ఒంటికి ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. ఏది బిగించమన్నా ముందు నోరు బిగుసుకుంటుంది, దాని వెనకే పైనుంచి కిందిదాకా మనిషంతా కొయ్యబారుతుంది. అసలు బిగియాల్సిన చోట మాత్రం ఏమీ జరగడం లేదు. పైగా ఊపిరి బిగబట్టినప్పుడల్లా లోపలి ఒత్తిడంతా కిందికే దిగుతోంది.

"మాట్లాడుతూ చెయ్యండి," అంది ఆ పిల్ల. "మాట ఆగిందంటే ఊపిరి బిగబట్టినట్టే. మళ్ళీ మొదటినుంచి చెయ్యండి."

సూదక్కకి ఇది అసలు కసరత్తుకంటే కష్టంగా తోచింది. మాట్లాడమంటే ఏం మాట్లాడాలి? ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టింది. ఇవాళ పని ఎక్కడ అని భర్తని అడిగింది. ఆయన ఫలానా వీధిలో మీటరు కాలిపోతే మార్చానన్నాడు. "ఎందుకు కాలింది?" అంది. ఆయన చేతిలో చెంచా గిన్నెలో పడింది. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆయన చెప్పింది ఆయనే వినేవాడు. ఎందుకు కాలిందో వివరంగా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డుప్రశ్నలు వేస్తూ, బిగిస్తూ, వదులుతూ కూర్చుంది. చేతులు కడుక్కునే దగ్గర ఆయన కోడలిని పక్కకి పిలిచి, మీ అత్తయ్యకి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడట.

కోడలు బొంత ముక్కలతో చిన్న దిండు కుట్టి అత్తగారి మణికట్టుకి కట్టింది. సూదులు నోట్లోంచి దానిమీదికి మారాయి. దుకాణానికి వచ్చినవాళ్ళు మొదట కంగారుపడ్డారు. నడుము దగ్గర కొలత తీస్తూ సూదక్క వాళ్ళ పిల్లల చదువులు అడుగుతోంది. కాలరు మీద అభిప్రాయం చెబుతోంది. ఒకావిడకైతే ఈ రంగు మీకు నప్పలేదని మొహం మీదే అనేసింది. "అత్తయ్యా, కండరం సంగతి సరే, మన గిరాకీ కూడా కాస్త చూసుకోండి," అని కోడలు బతిమాలింది.

కొన్నాళ్ళకి భర్తకి విషయం తెలిసింది. చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాడు.

"అయితే నా కబుర్లు అడిగింది కసరత్తు కోసమా?"

"మొదట్లో దానికోసమే," అంది సూదక్క. "తర్వాత అది మర్చిపోయి వింటున్నాను. ఆ మెట్ల కింద తీగల సంగతి సగంలో ఆపారు, చెప్పండి."

బట్ట పాడవడం తగ్గింది. ఒక్కసారిగా కాదు. బాగున్న వారం తర్వాత ఒక చెడ్డరోజు వచ్చేది, ఆ రోజు మళ్ళీ మొదటికొచ్చామని బెంగపడేది. తర్వాత చెడ్డరోజుల మధ్య దూరం పెరిగింది. అలా పెరుగుతుండగానే నాటకం రోజు వచ్చింది.

మధ్యాహ్నం అత్తాకోడళ్ళు పెట్టె మోసుకుంటూ వెళ్ళారు. దుస్తుల ఆవిడ ముభావంగా పలకరించింది. మహారాణి వేసే నటి గౌను తొడుక్కుని దీపాల కింద నిలబడింది. సూదక్క మోకాళ్ళ మీద కూర్చుని అంచు సరిచేయడం మొదలుపెట్టింది. సగం చుట్టు తిరిగేసరికి కడుపులో కదిలింది.

లేచి పరుగెత్తమంది ప్రాణం. పరుగెత్తితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అలాంటప్పుడు కదలకుండా ఉండి, బిగించి, ఊపిరి తీస్తూ, అల తగ్గేదాకా ఆగాలని ఫిజియోథెరపిస్టు నేర్పింది. సూదక్క బిగించింది. దుస్తుల ఆవిడ తననే చూస్తోందని తెలుసు.

"ఈ గుడ్డ ముందు పరదాల కోసం తెప్పించారమ్మా," అంది నటితో. "వెలుతురులో పెట్టి చూస్తే నీళ్ళలా మెరిసింది. పరదాగా వేలాడదీయడానికి నాకు మనసొప్పలేదు. ఇలా తిరుగు. దీన్ని చూసి మావారు కూడా బాగుందన్నారు, ఆయన తీగలు తప్ప ఇంకోటి మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు."

నటి నవ్వింది. మాట సాగుతోంది, ఊపిరి సాగుతోంది. లోపలి అల పైకి లేచి, కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. సూదక్క ఆ వైపు అంచంతా గుచ్చి, నెమ్మదిగా లేచి, దుస్తుల ఆవిడకేసి తిరిగింది.

"బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను. మిగతా సగం వచ్చి చేస్తాను."

ఈ కష్టం మొదలయ్యాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఎడమవైపు రెండో తలుపు," అంది ఆవిడ. "గొళ్ళెం సరిగ్గా పడదు, పట్టుకోవాలి." అంతే.

నడిచే వెళ్ళింది, నడిచే వచ్చింది. తెర లేచేవేళకి గౌను నేలకి అంటీ అంటనట్టు కుదిరింది. దుస్తుల ఆవిడ నటిని వెనక్కీ ముందుకీ నడిపించి చూసి, వచ్చే నాటకంలో సైనికులు చాలామంది ఉన్నారని, కొలతలకి ఎప్పుడు రమ్మంటారని అడిగింది. రెండు టికెట్లు చేతిలో పెట్టింది.

అవి వరసకి సరిగ్గా మధ్యలో ఉన్నాయి. కోడలు చివరి కుర్చీలో కూర్చున్నాయన్ని సీటు మార్చుకుంటారా అని అడగబోయింది. సూదక్క ఆమె మోచెయ్యి పట్టి ఆపింది. క్షమించండి, కాస్త జరగండి అంటూ, కూర్చున్నవాళ్ళందరి మోకాళ్ళూ దాటుకుంటూ మధ్యకి వెళ్ళి కూర్చుంది. పక్కనున్న పెద్దావిడ విసుగ్గా కాళ్ళు సర్దుకుంటుంటే, ఆమె జాకెట్టు కుట్టు చూసి, ఎక్కడ కుట్టించారండీ అని మాట కలిపింది.

దీపాలు ఆరేదాకా ఆ మాట ఆగలేదు. ఆరాక కోడలే నెమ్మదిగా, "అత్తయ్యా, ఇక మహారాణిని మాట్లాడనివ్వండి," అంది.