గేర్‌బాక్సు కింద ఇద్దరు

అదేం వింతో, ఎడమవైపు నొక్కితే కుడివైపు లేస్తుంది, కుడివైపు నొక్కితే ఎడమవైపు, అచ్చం ఈయన లాగే, ఒక సంగతి ఒప్పిస్తే ఇంకో సంగతి పైకి లేస్తుంది, అనుకుంటూ ఆమె కారు కింద వెల్లకిలా పడుకుని బొటనవేళ్లతో ఆయిల్ సీలును మళ్లీ నొక్కింది, ఇనుప అంచున్న రబ్బరు చక్రం, ఎంతో లేదు, గేర్‌బాక్సు వెనక ఇరుసు బయటికొచ్చే చోట నూనె కారకుండా కాపలా కాయాల్సింది, కాపలా సంగతి దేవుడెరుగు, ముందు గడప దాటి లోపలికే రానంటోంది, పొద్దున్న ఇలాంటిదాన్నే విసురుగా ఒక దెబ్బ వేస్తే లోపలుండే సన్నటి స్ప్రింగు ఎగిరొచ్చి మెడ మీద పడింది, అంతటితో దాని పని సరి, ఇక మిగిలింది ఇదొక్కటే, కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇది కూడా పాడైతే మళ్లీ ఏ మూల దొరకాలి, నెమ్మది తల్లీ, రోజూ స్టీరింగు ముందు బిగుసుకుపోయే వాళ్లకి చెప్పే మాట నువ్వే చెప్పుకో.

కారుకి చిలక అని తనే పేరు పెట్టుకుంది, ఆకుపచ్చది, రెండే సీట్లు, డ్రైవింగు స్కూలు నడిపి, ఊళ్లో సగం మందికి క్లచ్చు తొక్కడం నేర్పి, వాళ్ల బ్రేకులకి తన నడుము అప్పగించి, ఇన్నాళ్లకి ముచ్చటపడి కొనుక్కున్న బండి, తెచ్చిన రోజే షెడ్డు గచ్చు మీద నూనె మరక, ఆయన వంగి దాన్ని గుడ్డతో తుడిచి, ఇది కారడం ఆగిన రోజు ఎక్కుతాలే, అన్నాడు, అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, డ్రాయింగు మాస్టారు గదా, గీసిన గీత చెరపడు, పక్కసీట్లో ఆమె చేతిసంచీ కూర్చుని ఊరంతా చూసొచ్చింది, ఆయన చూడలేదు, నలుగురిలో ఈ మాట నవ్వుతూనే చెబుతుంది గానీ మలుపు తిరిగేటప్పుడు ఆ ఖాళీ సీటు కంట పడితే ఆమెకి కష్టంగానే ఉంటుంది, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, తను రచ్చ గెలిచి ఇంటి దగ్గర ఆగిపోయింది, ఈ సీలు కూర్చుంటే ఆయన కూర్చుంటాడు, లెక్క అంతే.

వంకరగా పోతోందేమో చూసుకో, అంటున్నాడు బయట స్టూలు మీద నుంచి, చేతిలో టార్చి, వెలుగంతా ఆమె మోకాళ్ల మీద, ఏమండీ, వంకరో తిన్ననో కింద పడుకున్న దానికేం తెలుస్తుంది, పక్క నుంచి చూసేవాళ్లు ఉండాలి గానీ, అంది ఊరికే, చిరాకులో, అలిగాడేమో అనుకుంటుండగానే చాప బరబరా జరిగిన చప్పుడు, కాస్త జరుగవోయ్, అంటూ ఇస్త్రీ చొక్కాతో పక్కన దూరాడు, ఈయన, కారు కిందికి, భుజానికి భుజం తగులుతూ, జేబులోంచి పెన్సిలు తీసి ఒక కన్ను మూసి చాచి పట్టుకుని, పైన, నీ చేతి పక్కన, వెంట్రుకవాసి బయటికుంది, అన్నాడు, ఆమె సీలు అంచుకి సరిపోయే ఇనుప గొట్టం ముక్క ఆనించి, ఆయన చెప్పిన చోట సుత్తితో చిన్నగా తట్టింది, ఠప్, ఇప్పుడు కింద, ఠప్, అటు, అక్కడ కాదు, ఆ, అక్కడే, ఠప్, లోపలికి పోతోంది, సమంగా, బుద్ధిగా, ఎంత హాయిగా ఉందో, ఇన్నేళ్ల కాపురంలో ఈయన చెప్పింది ఆమె, ఆమె చేసింది ఈయన ఒప్పుకున్నది ఇదే మొదలేమో.

దీన్ని నడపడం కష్టమా, అన్నాడు ఆయన, సీలు వైపే చూస్తూ, ఏది, అంది, ఇదే, నీ చిలకని, క్లచ్చు బరువంటారు గదా, ఠప్, ఎవరంటారు, ఎవరో, స్టాఫ్ రూములో, ఠప్, ఇంకో దెబ్బకి చప్పుడు మారింది, ఠంగుమంది, అంచు అడుగుకి తగిలింది, కూర్చుంది, అమ్మయ్య, కూర్చుందండీ, అంది, ఆగండి, నూనె పోసి, కింద అట్ట పరిచి, రేపు చూస్తే గానీ కారడం ఆగిందో లేదో తెలీదు, మీ ఒట్టు రేపటిదాకా భద్రం, ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుంటూ, కారితే కారనీలే, తుడుస్తాను, అన్నాడు.

సుత్తి పొట్ట మీద పెట్టుకుని ఆమె అలాగే పడుకుంది, కారితే కారనీలేనట, మరి ఇన్నాళ్లూ ఎక్కనన్నదెందుకు, క్లచ్చు బరువా అని అడిగిన ఆ గొంతు ఆమె ఎరగనిదా, డ్రైవింగు స్కూలుకొచ్చే పెద్దవాళ్లంతా అలాగే అడుగుతారు, మా తమ్ముడు నేర్చుకుంటానంటున్నాడు, ఈ వయసులో వస్తుందా, అని గోడమీది క్యాలెండరు చూస్తూ, ఆ తమ్ముడెవరో ఆమెకి గుమ్మంలోనే తెలిసిపోతుంది, ఈయన దగ్గర మాత్రం తెలియలేదు, బళ్లో పిల్లలందరి ముందూ ఎల్ బోర్డు కట్టుకుని, పెళ్లాం చేత బ్రేకు బ్రేకు అనిపించుకోవాలంటే మాస్టారికి ఎంత మొహమాటమై ఉంటుంది, ఇక్కడైతే మొహాలు కనబడవు, ఇద్దరూ పైకే చూస్తున్నారు, నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఆయన వద్దన్నది చిలకని కాదు, ఎక్కనన్నది పక్కసీటు, ఆయనకి కావలసింది స్టీరింగు, ఊళ్లో ఎవరెవరి పక్కనో కూర్చుని నేర్పింది, ఈయన పక్కన కూర్చోవాల్సింది తనే.